ఒక బొమ్మనీ ఒక ఆలోచననీ మోడర్న్ అని ఎందుకంటాం?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: 1641లో ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ రాసిన పుస్తకాన్ని ఆధునిక తత్వశాస్త్రం అంటారు, 1907లో పికాసో వేసిన పెయింటింగ్‌ని మోడర్న్ ఆర్ట్ అంటారు, పోయిన నెల ఎవరో వేసిన బొమ్మని మాత్రం ఎవరూ మోడర్న్ అనరు. మరి మోడర్న్ అంటే కొత్తగా ఉండటమా, పాతదాన్ని కాదనటమా, లేక చూసేవాడికి అర్థం కాకపోవటమా? పనిలో పనిగా "ఇలాంటివి చిన్నపిల్లలు కూడా గీస్తారు కదా" అని కూడా అడిగారు, మోడర్న్‌కీ కాంటెంపరరీకీ, అంటే సమకాలీన కళకీ తేడా ఏమిటనీ, ఇవన్నీ చూడటం ఎక్కడ మొదలుపెట్టాలనీ అడిగారు. ఆర్ట్ హిస్టరీ పాఠాలు చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు నా జవాబు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళతాను. ఏ పనికైనా ఒక ఆనవాయితీ ఉంటుంది. బొమ్మలో ఎవరిని వేయాలి, నీడ ఎటు పడాలి, కథలో తప్పు చేసినవాళ్లకి చివర ఏం జరగాలి, ఏ మాటని నిజమని నమ్మాలి, ఇవన్నీ మనకంటే ముందువాళ్లు తేల్చిపెట్టి వెళ్లి ఉంటారు. మనం అందులో చేరి పని చేసుకుంటూ పోతాం. ఏదో ఒక రోజున ఆ తేల్చిపెట్టిన లెక్క ఇక మన తరఫున నిర్ణయాలు తీసుకోలేదని తెలిసిపోతుంది. అప్పుడు ప్రతి చిన్న ఎంపికకీ ఎందుకు ఇలా చేశాను అన్నదానికి కారణం ఆ పనిలోంచే చూపించుకోవాలి, వెనకాల పెద్దల మాట ఉందని తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ పరిస్థితిని ఒప్పుకుని చేసిన పనిని నేను మోడర్న్ అంటాను. తారీఖుకి ఇందులో పెద్ద పాత్ర లేదు, స్టయిలుకి అంతకన్నా తక్కువ.

ఒకే ఏడాది, ఒకే ఊరు, దాదాపు ఒకే విషయం మీద వేసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. 1863, పారిస్. అక్కడ ఏటా జరిగే సలాన్ అనే అధికారిక ప్రదర్శనలో అలెగ్జాండర్ కబనెల్ అనే పేరున్న పెయింటర్ "వీనస్ జననం" పెట్టాడు. అలల మీద నగ్నంగా పడుకున్న దేవత, పైన ఎగిరే పసి దేవతలు, సగం మూసిన కళ్లు, ఒళ్లంతా పింగాణీలా నున్నగా ఉంటుంది, కుంచె ఎక్కడ తగిలిందో కూడా కనిపించదు. చక్రవర్తి మూడో నెపోలియన్ దాన్ని కొనుక్కున్నాడు. అదే సలాన్‌కి ఎదువార్ మానే కూడా ఒక పెద్ద కాన్వాస్ పంపాడు, జ్యూరీ తిప్పికొట్టింది. ఆ ఏడాది మరీ వేలకొద్దీ తిప్పికొట్టడంతో గొడవ ముదిరి, తిరస్కరించినవాటికి విడిగా ఒక ప్రదర్శన పెట్టమని చక్రవర్తే చెప్పాడు, మానే బొమ్మ అందులో వేలాడింది. ఇప్పుడు దాన్ని "పచ్చికమీద భోజనం" అంటాం. జనం వచ్చి నవ్వారు, కొందరు మండిపడ్డారు.

అందులో ఉన్నదేమిటంటే, చెట్ల కింద ఇద్దరు మగవాళ్లు ఆ రోజుల్లో పారిస్ వాళ్లు వేసుకునే కోట్లలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు, వాళ్ల పక్కన ఒక ఆవిడ నగ్నంగా కూర్చుని ఉంది. దేవత అనడానికి ఒక్క గుర్తు కూడా లేదు. ఆవిడ విప్పిన బట్టలు పక్కనే కుప్పగా పడి ఉన్నాయి, అంటే ఇంతకు ముందే విప్పింది, మళ్లీ వేసుకుంటుంది. పైగా ఆ మగవాళ్లని పట్టించుకోకుండా నేరుగా మన కళ్లలోకి చూస్తోంది. కబనెల్ వీనస్ కళ్లు వాల్చుకుని ఉంటుంది కాబట్టి చూసేవాడు నిశ్చింతగా చూసుకోవచ్చు, మానే బొమ్మ ముందు నిలబడినవాడికి తను చూస్తున్న సంగతి ఆవిడకి తెలుసని తెలుస్తుంది. ఇక వేసిన తీరు. వెలుగుకీ చీకటికీ మధ్య మెల్లగా మారే ఛాయలు ఉంటేనే ఒళ్లు గుండ్రంగా కనిపిస్తుందని అకాడమీలో నేర్పేవారు, మానే ఆ మధ్య ఛాయల్ని చాలావరకు తీసేశాడు, దాంతో ఆవిడ ఒళ్లు ఎదురుగా లైటు వేసినట్టు చదునుగా ఉంటుంది. వెనక నీళ్లలో వంగి ఉన్న ఇంకో ఆవిడ అంత దూరంలో ఉండాల్సిన సైజు కన్నా పెద్దగా ఉంది. కాన్వాస్ రెండు మీటర్ల పైచిలుకు ఎత్తు, రెండున్నర మీటర్లు దాటిన వెడల్పు. ఆ సైజు పురాణాలకీ యుద్ధాలకీ కేటాయించినది, అందులో పిక్నిక్కి వచ్చిన మామూలు మనుషుల్ని వేశాడు.

మానే పాతదాన్ని చెత్తబుట్టలో పడేశాడా అంటే లేదు. ఆ ముగ్గురూ కూర్చున్న పద్ధతి ఇటాలియన్ పెయింటర్ రఫేల్ డిజైన్‌ని బట్టి రైమొండి రేకు మీద చెక్కి అచ్చు వేసిన ఒక బొమ్మలోంచి తీసుకున్నదే, అందులో ఓ మూలన నదీదేవతలు సరిగ్గా ఇలాగే కూర్చుని ఉంటారు. అంటే మానేకి సంప్రదాయం బాగా తెలుసు, ప్రేమ కూడా ఉంది. ఆ అమరికని ఉంచుకుని, దానికి ఇంతకాలం రక్షణగా ఉన్న పురాణ కథని తీసేశాడు. కథ తీసేశాక ఈ నగ్న దేహం ఇక్కడ ఎందుకుంది అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది బొమ్మే. కబనెల్‌కి ఆ ప్రశ్న రానే రాలేదు, ఎందుకంటే వీనస్ అన్న పేరే అతని బదులు జవాబు చెప్పేసింది. కబనెల్ చేయి తిరిగినవాడు, అందులో సందేహం అక్కర్లేదు. ఇద్దరికీ తేడా నైపుణ్యంలో లేదు.

ఆలోచనల సంగతికొస్తే ఇదే మార్పు రెండు వందల ఏళ్ల ముందే కనిపిస్తుంది. దెకార్త్ చేసిన పని పైకి చాలా సింపుల్‌గా ఉంటుంది: చిన్నప్పటి నుంచి ఇతరుల మాట మీద నమ్మేసినవాటన్నిటినీ జీవితంలో ఒక్కసారైనా పక్కన పెట్టి, సందేహించడానికి వీల్లేనిది ఏదైనా మిగులుతుందేమో చూడాలి. మిగిలింది సందేహిస్తున్న నేను అనే ఒక్కటే. అక్కడి నుంచి అతను దేవుణ్నీ ప్రపంచాన్నీ మళ్లీ నిలబెట్టిన తీరు చాలామందికి ఒప్పుదల కాలేదు, నాకూ కాదు. అయినా అతన్ని ఆధునికుడు అనడానికి ఆ జవాబు సరైనదో కాదో అన్నదానితో పని లేదు. అరిస్టాటిల్ అన్నాడు కాబట్టి నిజం అనే వాదన అతని తర్వాత నిలబడటం కష్టమైపోయింది, అది చాలు.

జర్మన్ తత్వవేత్త కాంట్ దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. 1784లో ఒక పత్రికలో చిన్న వ్యాసం రాస్తూ, మనిషి తన తప్పు వల్లే తెచ్చిపెట్టుకున్న మైనారిటీలోంచి, అంటే ఇంకొకరి అజమాయిషీలో మైనరులా ఉండిపోవడంలోంచి బయటికి రావడమే జ్ఞానోదయం అన్నాడు. నా బదులు అర్థం చేసుకోవడానికి ఓ పుస్తకం, నా అంతరాత్మ బదులు ఓ పాస్టరు, నేనేం తినాలో చెప్పడానికి ఓ డాక్టరు ఉంటే నాకు శ్రమ లేదు అనుకునేవాణ్ని ఆ వ్యాసంలో బాగా పట్టుకుంటాడు. అంతకు మూడేళ్ల ముందు, 1781లో వచ్చిన అతని పెద్ద పుస్తకంలో బుద్ధి తన ముందు తనే బోనులో నిలబడి, నాకు ఏది తెలుసుకునే అర్హత ఉంది, ఎక్కడ నా హద్దు అని విచారించుకుంటుంది. పరికరాన్ని ఆ పరికరం మీదికే తిప్పడం అన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, కళలో కూడా ఇదే జరుగుతుంది: ఒక దశలో పెయింటింగ్ అసలు పెయింటింగ్ అంటే ఏమిటి అని పెయింట్‌తోనే అడగడం మొదలుపెడుతుంది.

ఇంకో సంగతి. దెకార్త్‌కి చివరికి మిగిలిన ఆ "నేను" కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1859లో డార్విన్ వచ్చాక మనిషి మిగతా జీవుల్లో ఒకడయ్యాడు, శతాబ్దం చివరికొచ్చేసరికి ఫ్రాయిడ్ నీ మనసులో నీకే తెలియనిది చాలా ఉందన్నాడు. మోడర్న్ ఆలోచన తను నిలబడ్డ చోటునే తవ్వుకుంటూ పోతుంది, అందుకే అందులో ఎవరికీ పూర్తి భద్రత దొరకదు. చదివేవాళ్లకి టెన్షన్ పెట్టేది కూడా ఇదేననుకుంటాను.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మోడర్న్ అంటే ముందడుగు అనుకోవడం. దీనిమీద పెద్ద తగవే నడిచింది. 1687 జనవరిలో ఫ్రెంచ్ అకాడమీ సమావేశంలో షార్ల్ పెర్రో, సిండ్రెల్లా కథని ఫ్రెంచిలో రాసిన ఆ పెర్రోనే, పద్నాలుగో లూయీ కాలం రోమ్ స్వర్ణయుగానికి ఏమీ తీసిపోదని ఒక కావ్యం చదివించాడు. బ్వాలో అనే కవికి ఒళ్లు మండిపోయింది. ప్రాచీనులు గొప్పా, ఆధునికులు గొప్పా అని పండితులు రెండు జట్లయి ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. చదివితే ఇప్పుడు విసుగొస్తుంది గానీ ఆ తగవులో ఒక మంచి సంగతి బయటపడింది. సైన్సులో ఆధునికులే గెలిచారు, టెలిస్కోప్‌లో గురుగ్రహం ఉపగ్రహాలు చూసినవాడి ముందు చూడనివాడి వాదన నిలవదు. కవిత్వం విషయంలో మాత్రం ఎవరూ తేల్చలేకపోయారు. హోమర్ తర్వాత రెండు వేల ఏళ్లకి పైగా గడిచాయి కాబట్టి కవులు అన్ని మెట్లు పైకి ఎక్కి ఉండాలి అంటే అది మాటగా కూడా పొసగదు. రెంబ్రాంట్ కన్నా పికాసో మెరుగు అనే మాటకీ అర్థం లేదు. సైన్సులో పాతదాని స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంటుంది, కళలో పాతది అక్కడే ఉంటుంది, కొత్తది పక్కన వచ్చి చేరుతుంది. మోడర్న్ అన్న మాటలో అభివృద్ధి అనే అర్థాన్ని కలిపేస్తే కళ దగ్గరికొచ్చేసరికి దారి తప్పుతాం.

టెక్నాలజీతో కలిపేసినా అంతే. 1937 జూలైలో మ్యూనిక్‌లో నాజీలు "క్షీణించిన కళ" అని పేరు పెట్టి మ్యూజియంల నుంచి లాక్కొచ్చిన 650 దాకా మోడర్న్ కళాకృతుల్ని ఇరుకు గదుల్లో, గోడల మీద ఎగతాళి రాతలు రాసి ప్రదర్శించారు, ఇరవై లక్షల మందికి పైగా చూశారు. దానికి ఒక రోజు ముందే తమకు నచ్చిన కళకి, నున్నటి కండల విగ్రహాలకీ రైతు కుటుంబాల బొమ్మలకీ, కొత్త భవనంలో ఘనంగా ప్రదర్శన మొదలుపెట్టారు. అదే ప్రభుత్వం రేడియో, విమానం, హైవే లాంటి ఆనాటి కొత్త సాంకేతికతనంతా గర్వంగా వాడుకుంది. చేతిలో కొత్త యంత్రం ఉండటం వేరు, నేను నమ్మినదానికి కారణం అడిగించుకోవడానికి సిద్ధంగా ఉండటం వేరు. మొదటిది ఉన్నవాళ్లకి రెండోది ఉంటుందని గ్యారంటీ లేదు.

కెమెరా సిద్ధాంతం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి పరిచయ వీడియోలోనూ అదే వినిపిస్తుంది: ఫోటోగ్రఫీ వచ్చింది, ఉన్నదున్నట్టు వేయాల్సిన పని పోయింది, కాబట్టి పెయింటర్లు వంకర టింకరగా వేయడం మొదలుపెట్టారు. కొంత నిజం ఉంది. 1839లో దాగేర్ ఫోటో పద్ధతి బయటికొచ్చాక చిన్న సైజు పోర్ట్రెయిట్లు వేసి బతికేవాళ్ల వ్యాపారం దెబ్బతింది. వస్తువుల విషయానికొస్తే ఫోటో కన్నా మడిచే తగరపు రంగు ట్యూబ్‌కి నేను కొంచెం ఎక్కువ మార్కులు వేస్తాను, 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ పెయింటర్ దానికి పేటెంట్ తీసుకున్నాడు, దాంతో ఆయిల్ రంగులు జేబులో వేసుకుని ఆరుబయట కూర్చుని వేయడం తేలికైంది. కానీ కెమెరాతోనే అంతా జరిగింది అంటే సంగీతం సంగతి ఏమిటి? సంగీతానికి కెమెరాతో పని లేదు. 1908లో షోన్‌బర్గ్ అనే సంగీతకర్త తన రెండో స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగవాద్యాలకి రాసే రచన) చివరి భాగానికి వచ్చేసరికి, వందల ఏళ్లుగా పాశ్చాత్య సంగీతం బయల్దేరి తిరిగి చేరుకునే ఆధార స్వరాన్నే వదిలేశాడు, వియన్నాలో మొదటి కచేరీలో గోల గోల అయింది. కవిత్వంలో కూడా ఛందస్సు దానంతటదే వచ్చే హక్కుని పోగొట్టుకుంది, ఇక్కడ పాదం ఎందుకు విరిచావు అన్నదానికి కవి ప్రతిసారీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇన్ని కళల్లో దాదాపు ఒకే కాలంలో ఒకే రకం కుదుపు వచ్చిందంటే కారణం ఒక్క యంత్రంలో ఉండదు. రాజు, చర్చి, అకాడమీ, ఈ ముగ్గురూ కలిసి ఏది మంచి కళో నిర్ణయించే ఏర్పాటు సడలిపోయింది, కొనేవాడు ఎవరో తెలియని మార్కెట్ వచ్చింది, పారిస్ లాంటి నగరాల్ని పడగొట్టి మళ్లీ కట్టారు, ఎవరు ఏ తరగతివాడో బట్టల్ని చూసి చెప్పడం కష్టమైంది. కళాకారుడికి స్వేచ్ఛ వచ్చింది, దాంతోపాటు ఆసరా పోయింది.

నవల్లో ఇదెలా కనిపిస్తుందో చెప్పడానికి నాకు బాగా నచ్చే ఉదాహరణ కోర్టు కేసు. 1857లో ఫ్రెంచ్ రచయిత ఫ్లోబేర్ మీద "మేడమ్ బొవరీ" నవల అశ్లీలంగా ఉందని ప్రభుత్వం కేసు పెట్టింది. వ్యభిచారం మీద కథలు అంతకు ముందు లేవా, బోలెడు. ప్రాసిక్యూటర్ అభ్యంతరాల్లో నాకు ముఖ్యంగా తోచేది వేరే: ఈ పుస్తకంలో ఈ ఆడదాన్ని ఖండించగల మనిషి ఒక్కడూ లేడు అన్నాడు. ఆయన చాలా బాగా చదివాడనే చెప్పాలి. ఫ్లోబేర్ కథ చెప్పేవాడి గొంతుని కథానాయిక ఎమ్మా ఆలోచనల్లోకి కలిపేసి, ఇది ఆమె అనుకుంటున్నదా రచయిత అంటున్నదా అని విడదీయడానికి వీల్లేకుండా వాక్యాలు రాశాడు. తీర్పు చెప్పే కుర్చీని ఖాళీగా వదిలేశాడు. చదివేవాడే వెళ్లి అందులో కూర్చోవాలి, లేదా కూర్చోలేక ఇబ్బంది పడాలి. కోర్టు ఫ్లోబేర్‌ని వదిలేసింది.

ఇప్పుడు ఫ్రెంచ్ పెయింటర్ సెజాన్. మోడర్న్ అన్నది ఒక్క బొమ్మలో ఒక్క అంగుళం చోటులో చూపించమంటే నేను చూపించేది ఇతన్నే. ఆంబ్రువాజ్ వొలార్ అనే ఆర్ట్ డీలర్ బొమ్మ 1899లో వేశాడు. మోడల్‌గా కూర్చున్న వొలార్ తర్వాత రాసుకున్న జ్ఞాపకాల ప్రకారం వందకి పైగా సార్లు కూర్చోవాల్సి వచ్చింది. బొమ్మ అంతా నిండాక చేతి దగ్గర రెండు చిన్న చోట్ల కాన్వాస్ ఇంకా ఖాళీగా కనిపిస్తుంటే వొలార్ దాన్ని చూపించాడట. సెజాన్ జవాబు సారాంశం ఏమిటంటే, లూవ్ర్ మ్యూజియంకి వెళ్లి చూసుకుని వస్తే రేపు సరైన రంగు దొరకొచ్చు, కానీ అక్కడ నోటికొచ్చినట్టు ఏదో ఒకటి పూసేస్తే అక్కడి నుంచి మొదలుపెట్టి బొమ్మ మొత్తం మళ్లీ వేయాల్సి వస్తుంది. అకాడమీలో చదివిన ఏ పెయింటరైనా ఆ రెండు మచ్చల్ని కళ్లు మూసుకుని కప్పేసేవాడు, చర్మం రంగు ఎలా ఉండాలో ముందే తెలుసు కాబట్టి. సెజాన్‌కి ముందే తెలిసినది అంటూ లేదు, పక్కనున్న ప్రతి మచ్చతోనూ పొసిగితేనే ఆ రంగు అక్కడ ఉండాలి. అతని ఆపిల్ పళ్ల బొమ్మలు చూసినప్పుడు టేబుల్ ముందు అంచుని గమనించండి, గుడ్డకి ఎడమ పక్కన ఒక ఎత్తులో ఉంటుంది, కుడి పక్కన ఇంకో ఎత్తులో బయటికొస్తుంది, సీసా ఓ పక్కకి వాలి ఉంటుంది. ఒక కన్నుతో ఒకేచోట నుంచి చూసే పర్‌స్పెక్టివ్‌ని నాలుగు వందల ఏళ్లుగా ఎవరూ అడగలేదు, ఇతను అడిగాడు: మనిషి నిజంగా అలాగే చూస్తాడా? తల కదులుతుంది, కళ్లు కదులుతాయి, ఎడమ పక్కని చూసిన క్షణం వేరు, కుడి పక్కని చూసిన క్షణం వేరు.

1907లో పికాసో వేసిన ఐదుగురు ఆడవాళ్ల బొమ్మ ఈ ప్రశ్నని పట్టుకునే ముందుకెళ్లింది. కుడివైపున్న ఇద్దరి ముఖాలు మాస్కుల్లా ఉంటాయి, ఆ రోజుల్లో పారిస్‌లోని ట్రొకాదెరో మ్యూజియంలో ఆఫ్రికా మాస్కుల్ని చూసి తను కదిలిపోయానని పికాసో తర్వాత చెప్పాడు. ఈ అప్పు గురించి సూటిగా మాట్లాడాలి. మానే, మోనే, వాన్ గో జపాన్ చెక్క అచ్చు బొమ్మల నుంచి నేర్చుకున్నారు, పికాసో తరం ఆఫ్రికా శిల్పుల నుంచి నేర్చుకుంది, కానీ ఆ శిల్పుల పేర్లు ఎవరూ రాసుకోలేదు, వాళ్ల పనిని ఆదిమం అన్నారు, ఆ మాస్కులు అక్కడికి చేరిన దారి వలసపాలన దారి. యూరప్ ఒంటరిగా మోడర్న్ అయింది, మిగతావాళ్లు వెనకాల నడిచారు అనే కథ ఇందుకే నాకు నచ్చదు. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుతూ కలుపుతూ పోతే అవి పక్షులూ ముఖాలూ అయ్యాయి, అక్కడి నుంచి అరవై దాటిన వయసులో పెయింటింగ్‌లోకి వెళ్లాడు, 1930లో పారిస్‌లో ప్రదర్శించాడు. ఎవరి స్కూలూ కాదది, తప్పు రాసిన మాటని కొట్టేసే గీతలోంచి పుట్టిన కళ. 1938లో శాంతినికేతన్‌లో శిల్పి రాంకింకర్ బైజ్ సిమెంటు, లేటరైట్ అనే ఎర్రరాతి గులకలు కలిపి ఒక సంతాల్ కుటుంబాన్ని ఆరుబయట మనిషిని మించిన ఎత్తులో నిలబెట్టాడు, సామాను మోసుకుంటూ, కుక్కతో సహా నడిచిపోతుంటారు. రాజులకీ నాయకులకీ ఉండే ఆ ఎత్తు పనికోసం వలసపోయే మనుషులకి ఎందుకు ఉండకూడదు అన్న ప్రశ్నని ఆ గరుకు పదార్థంతోనే అడిగాడు. ఇది అనుకరణ అయితే దేనికి అనుకరణో చూపించాలి.

పిల్లలు గీస్తారన్న మాట. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను, ఎందుకంటే దాని వెనక న్యాయమైన అనుమానం ఉంది: నన్ను మోసం చేస్తున్నారా? మలేవిచ్ అనే పెయింటర్ వేసిన నల్ల చతురస్రాన్ని తీసుకుందాం, దీన్ని మించిన "ఇందులో ఏముంది" బొమ్మ ఇంకోటి లేదు. 1915 డిసెంబర్‌లో పెట్రోగ్రాడ్‌లో దాన్ని గోడ మధ్యలో పెట్టలేదు, రెండు గోడలు కలిసే మూల, పైకప్పు దగ్గర వేలాడదీశారు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోటు అది. వచ్చినవాళ్లకి ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే అది స్కేలు పెట్టి గీసిన చతురస్రం కాదు, అంచులు కాస్త వంకర, నలుపు అంతా బీటలు వారి ఉంటుంది, ఆ బీటల్లోంచి అడుగున ఉన్న రంగులు తొంగి చూస్తాయి. 2015లో మాస్కోలోని ట్రెత్యకోవ్ గ్యాలరీవాళ్లు ఎక్స్‌రే పరీక్షలు చేసి ఆ నలుపు కింద వేరే రంగుల బొమ్మలున్నాయని నిర్ధారించారు. అంటే అంతకు ముందు వేసిన బొమ్మ మీద నలుపు వేసి కప్పేశాడు. చిన్నపిల్ల నల్ల చతురస్రం గీయగలదు, నిజమే. దేవుడి పటం స్థానంలో ఏమీ చూపించని బొమ్మని పెడితే ఇంకా బొమ్మ అంటూ మిగిలేది ఏమిటి అనే ప్రశ్న ఆ పిల్లకి లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఆకారాన్ని విడదీసి చూస్తే ఎవరైనా గీస్తారు, ఆ చోట ఆ సమయంలో అది చేసిన పనిని మాత్రం ఇంకెవరూ చేయలేదు. చేతకాక అలా వేశారు అనే అనుమానం కూడా ఉంటే, పికాసో పదిహేనేళ్ల వయసులో 1897లో వేసిన "సైన్స్ అండ్ చారిటీ" చూడండి, జబ్బుపడ్డ ఆవిడ మంచం పక్కన డాక్టరు నాడి చూస్తుంటాడు, ఏ అకాడమీ మాస్టారూ వంక పెట్టలేడు.

అలాగని మోడర్న్ పేరు మీద వచ్చిన ప్రతిదానికీ దండం పెట్టనక్కర్లేదు. 1917లో దుషాం అనే ఫ్రెంచ్ ఆర్టిస్టు ఒక యూరినల్‌ని తిప్పి పడుకోబెట్టి ఆర్. మట్ అని సంతకం చేసి న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకి పంపాడు. ఫీజు కట్టిన ఎవరి పనైనా పెడతాం, జ్యూరీ లేదు అన్న సంఘం అది, అయినా దాన్ని పెట్టలేదు. దాంతో జ్యూరీ లేదన్న మాట ఎంత నిజమో తేలిపోయింది. అసలుది పోయింది, స్టీగ్లిట్జ్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో మిగిలింది, ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నవి తర్వాత చేయించిన నకళ్లు. నా అభిప్రాయంలో దాని విలువంతా ఆ వాదనలో ఉంది, ముందు నిలబడి గంటసేపు చూస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు, సెజాన్ ముందు నిలబడితే వస్తుంది. వాదన గెలిచాక యాభై ఏళ్లకి, వందేళ్లకి మళ్లీ అదే ఎత్తుగడ వేసేవాళ్లని చూస్తే అందులో రిస్కు ఏమీ కనిపించదు, అదిప్పుడు ఆమోదం పొందిన పద్ధతి, కబనెల్‌కి వీనస్ ఎలాగో వీళ్లకి అది అలాగ.

కట్టడాల్లో ఈ గడ్డకట్టుకుపోవడం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్ట్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలంకారం మీద యుద్ధం ప్రకటించాడు, భవనం తన నిర్మాణాన్ని దాచకుండా చూపించాలనేది ఆ తర్వాతి తరానికి నియమమైంది. 1958లో ఇంకో ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో న్యూయార్క్‌లో సీగ్రమ్ బిల్డింగ్ పూర్తి చేశాడు, చాలా అందమైన భవనం. దాని బయట నిలువునా కంచు ఐ-బీమ్‌లు (ఇంగ్లిష్ I ఆకారపు దూలాలు) వరసగా కనిపిస్తాయి, భవనం వాటి మీదే నిలబడిందనిపిస్తుంది. నిజానికి అవి ఏ బరువూ మోయవు. అగ్నిప్రమాదాల నిబంధనల ప్రకారం అసలు స్టీల్‌ని కాంక్రీట్‌తో కప్పేయాలి కాబట్టి, లోపల స్టీల్ ఉందని తెలియజేయడానికి బయట ఇవి తగిలించాడు. అంటే నిర్మాణాన్ని నిజాయితీగా చూపించడం అనే సిద్ధాంతమే ఇక్కడ అలంకారం అయి కూర్చుంది. మీస్‌కి కనీసం ఆ పని ఎందుకు చేస్తున్నాడో తెలుసు, తర్వాత ప్రపంచమంతా లేచిన గాజు డబ్బాల్లో చాలావాటికి కారణం అడిగితే ఆఫీసులు ఇలాగే కడతారు కదా అన్న జవాబే వస్తుంది. ఆ జవాబు వచ్చిన చోట, గాజూ స్టీలూ ఎంత మెరిసినా, మోడర్న్ అనేది ఆగిపోయింది.

మోడర్న్‌కీ కాంటెంపరరీకీ తేడా ఏమిటన్నారు. మ్యూజియంలు సౌకర్యం కోసం 1860ల నుంచి 1960ల దాకా మొదటిది, తర్వాతది రెండోది అని సుమారుగా గీత గీస్తాయి, ఒక్కో మ్యూజియం ఒక్కో చోట గీస్తుంది, పరీక్షల్లో తప్ప దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. ఇప్పుడు ఎవరైనా ఈ అర్థంలో మోడర్న్‌గా పని చేయగలరా అంటే చేయగలరు, చేస్తున్నారు కూడా. ఈ రోజు ఒక పెయింటర్ అచ్చం కనిపించేట్టు మనిషి ముఖం వేసినా, ఇన్ని ఫోటోల మధ్య చేత్తో ఈ ముఖం ఎందుకు వేయాలి అన్నదానికి ఆ బొమ్మలోనే జవాబు దొరికితే నేను దాన్ని నిస్సంకోచంగా ఇటువైపు లెక్కవేస్తాను. గజిబిజి రంగుల్ని అలవాటు కొద్దీ పూసినదాన్ని అటువైపు పెడతాను.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. పెయింటింగ్‌లో నేరుగా అబ్‌స్ట్రాక్ట్‌కి వెళ్లొద్దు, మానే నుంచి సెజాన్‌కి, అక్కడి నుంచి 1907-1912 మధ్య పికాసో, అతని తోటి పెయింటర్ బ్రాక్ వేసినవాటికి వెళ్లండి, ఒక్కో బొమ్మకి కనీసం పావుగంట ఇవ్వండి, వివరణ చదవడం తర్వాత. తత్వశాస్త్రంలో కాంట్ పెద్ద పుస్తకం ఇప్పుడే ముట్టుకోకండి, ఆ 1784 వ్యాసం కొద్ది పేజీలే, అది చాలు. నవలకి ఫ్లోబేర్ నుంచి మొదలుపెట్టి, తర్వాత వర్జీనియా వుల్ఫ్ 1925 నాటి "మిసెస్ డాలోవే"కి వెళితే కథ చెప్పే గొంతు ఎంత దూరం ప్రయాణించిందో మీకే తెలుస్తుంది. సంగీతంలో మాత్రం షోన్‌బర్గ్‌తో మొదలుపెడితే ఐదు నిమిషాల్లో ఆపేస్తారు. ఫ్రెంచ్ సంగీతకర్త డెబ్యుసీ 1894లో రాసిన "ప్రెలూడ్ టు ద ఆఫ్టర్‌నూన్ ఆఫ్ ఎ ఫాన్" పది నిమిషాలు ఉంటుంది, మొదట్లో ఒంటరిగా వచ్చే ఫ్లూట్ ఏ శ్రుతిలో ఉందో చెప్పడానికి ప్రయత్నిస్తూ వినండి, నాలుగైదు సార్లు విన్నాక షోన్‌బర్గ్ దగ్గరికి వెళ్లండి.